పాత లెన్సుతో పురుగు ఫొటో

తమ్ముళ్లారా, చీమంత పురుగును పెద్దగా ఫొటో తీయాలంటే వేల రూపాయల మాక్రో లెన్సు అక్కర్లేదు. మూలపడిన ఫిల్మ్ కెమెరా లెన్సు చాలు. నాకు దొరికింది సోవియట్ జెనిట్ కెమెరాలకు వచ్చిన హీలియోస్ 44-2, 58 మి.మీ. లెన్సు. కెమెరా మాత్రం మా ఊరి స్టూడియో అన్నను బతిమాలి తెచ్చుకున్నదే.

లెన్సును తిరగేసి, దాని ముందు భాగం కెమెరాకు ఆనేలా పెట్టాలి. మామూలుగా అది పెద్ద దృశ్యాన్ని చిన్న ఫిల్ము మీదికి కుదిస్తుంది. తిరగేస్తే చిన్నదాన్ని పెద్దది చేస్తుంది. మధ్యలో రెండంగుళాల పీవీసీ పైపు ముక్క, లోపల నల్ల కాగితం అంటించి పెడితే బొమ్మ ఇంకా పెరుగుతుంది. సందులకు నల్ల టేపు వేయండి. దుమ్ములో మాత్రం లెన్సు ఊడదీయకండి.

ఫోకస్ రింగుతో పనిలేదు, కెమెరానే ముందుకూ వెనక్కూ జరపాలి. పురుగుకు నాలుగైదు సెంటీమీటర్ల దాకా వెళ్లాలి. స్పష్టంగా కనిపించేది వెంట్రుకంత మందమే, ఊపిరి బిగబట్టాల్సిందే! అపర్చర్ 8కి తిప్పితే కాస్త నయం, కానీ మంచి ఎండ కావాలి.

సెలవుల్లో మా అలసంద చేనుకు పేనుబంక పట్టింది. వాటి మధ్య నల్లటి ముళ్ల పురుగులు చూసి నాన్న మందు కలపబోయాడు. ఫొటో తీస్తే ముళ్ల పురుగు నోట్లో పేనుబంక! వ్యవసాయ విస్తరణాధికారికి చూపించాం. అవి అక్షింతల పురుగు పిల్లలట. నాన్న డబ్బా మూత బిగించేశాడు.