చిన్న మాటల్లోనే సంసారం

మా అమ్మాయి ఈడు పిల్లలు ఇంటికొస్తే తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇన్నేళ్ళు కలిసి ఎలా ఉన్నారు ఆంటీ?" మా పెళ్ళై నాలుగు దశాబ్దాలు దాటింది. అందులో ఎక్కువ భాగం ఇంగ్లండులోనే గడిచింది. ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పలేను. అందుకే ముందు ఒక సీరియల్ చూడమంటాను. పేరు 'మ్యారేజ్'. 2022 ఆగస్టులో బీబీసీ వన్‌లో వచ్చింది, నాలుగే భాగాలు. స్టీఫన్ గొలషెవ్‌స్కీ తనే రాసి, తనే దర్శకత్వం వహించాడు. ఎమ్మాగా నికోలా వాకర్, ఆమె భర్త ఇయన్‌గా షాన్ బీన్ నటించారు. వాళ్ళకు పెళ్ళై 27 ఏళ్ళు. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్'లో నెడ్ స్టార్క్‌గా మన పిల్లలకు తెలిసిన షాన్ బీన్ ఇందులో కత్తి పట్టడు. ఉద్యోగం పోయి ఇంట్లో ఉండే మామూలు మనిషి.

ఈ కథలో హత్య లేదు, కోర్టు లేదు, లేచిపోవడాలు లేవు. వంటిల్లు, కారు, సోఫా, పడకగది, వాటి మధ్య ఇద్దరు మనుషులు. నా అనుభవానికి ఇంత దగ్గరగా వచ్చిన కథ టీవీలో నేను మరొకటి చూడలేదు. పెద్ద విషయాలు సంసారంలోకి పెద్ద విషయాల్లా రావు, చిన్న మాటల చాటున వస్తాయి. ఆ చిన్న మాటల దగ్గర మనం ఎలా ఉంటామో అదే మన దాంపత్యం. కింద రాసిన పాఠాలన్నీ అక్కణ్ణుంచి పుట్టినవే.

1. గొడవ దేనిమీదో కాదు, దాని వెనక ఏముందో వినండి

సీరియల్ విమానాశ్రయంలో మొదలవుతుంది. ఇద్దరూ సెలవులు గడిపి ఇంటికి బయల్దేరారు. ఎమ్మాకు జాకెట్ పొటాటో తినాలని ఉంది. అంటే తొక్క తీయకుండా ఓవెన్‌లో కాల్చిన బంగాళాదుంప. ఇయన్ అది లేకుండా తిరిగొస్తాడు. కనీసం ఉందా అని అడగలేదేం అంటుంది ఆమె. అక్కణ్ణుంచి మాటా మాటా పెరుగుతుంది. బంగాళాదుంప మీద ఇంత రాద్ధాంతమా అని కొత్తగా పెళ్ళైనవాళ్ళు నవ్వుతారు. ఏళ్ళ తరబడి కాపురం చేసినవాళ్ళు నవ్వరు. "నాకోసం నోరు తెరిచి ఒక్క మాట అడగలేవా?" అని ఆమె అడుగుతోంది. "నేనేం చేసినా నీకు చాలదా?" అని అతను అడుగుతున్నాడు. రెండు ప్రశ్నలూ పైకి రావు. బంగాళాదుంప ఒక్కటే పైకి వస్తుంది.

మా ఇంట్లో ఆ పాత్ర థర్మోస్టాట్‌ది. నేను వేడి పెంచుతాను, మావారు తగ్గిస్తారు. ఇదేదో గ్యాస్ బిల్లు తగాదా అని చాలా కాలం అనుకున్నాం. ఒక చలికాలం రాత్రి ఆయనే చెప్పుకొచ్చారు. ఈ దేశం వచ్చిన కొత్తలో ఆయన అద్దెకున్న గదిలో నాణేలు వేస్తే తిరిగే మీటరు ఉండేది. నాణేలు అయిపోతే హీటరు ఆరిపోయేది. నెలాఖరున అలా ఆరిపోతుందేమోనన్న భయం ఆయన్ను ఇంకా వదల్లేదు. నేను పుట్టింది తెనాలి వైపు. నాకు చలంటే ఒంటరితనం. ఈ రెండు సంగతులూ తెలిశాక కూడా మీట అటూ ఇటూ తిరుగుతూనే ఉంది, కానీ మాటల్లో వాడి పోయింది.

2. మౌనాన్ని చూసి కంగారు పడకండి, అది ఏ మౌనమో గుర్తుపట్టండి

'మ్యారేజ్' వచ్చినప్పుడు చూసినవాళ్ళు రెండుగా చీలిపోయారు. మరీ నత్తనడక అన్నవాళ్ళున్నారు, ఇది మా ఇల్లే అన్నవాళ్ళున్నారు. కరోలిన్ షా స్వరపరిచిన, వాద్యాలేవీ లేకుండా గొంతులతోనే సాగే టైటిల్ సంగీతం మీద కూడా వాదనలు జరిగాయి. ఆ నెమ్మదే ఈ సీరియల్‌కు ప్రాణమని నా నమ్మకం. మాటలు సగంలో ఆగిపోతాయి. ఒకరి వాక్యం ఇంకొకరు పూర్తి చేయరు, ఎందుకంటే పూర్తి చేయాల్సిన అవసరం లేదు.

కాపురంలో మౌనం రెండు రకాలు. చెప్పాల్సింది ఏమీ లేక హాయిగా ఊరుకోవడం ఒకటి. చెప్పాల్సింది ఉండీ బిగబట్టుకోవడం రెండోది. మొదటిది విశ్రాంతి, రెండోది శిక్ష. అవి రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి గనక తేడా అడిగి తెలుసుకోవాలి. "అలసిపోయావా, కోపమొచ్చిందా?" అని సూటిగా అడిగితే చాలు. అడిగిన తర్వాత వచ్చే జవాబును నమ్మండి.

3. పని పోయిన మనిషికి సలహాలు కాదు, మనిషి కావాలి

ఇయన్‌ను ఉద్యోగం నుంచి తీసేశారు. పైగా తల్లి పోయిన దుఃఖం ఇంకా తీరలేదు. ఎమ్మా మాత్రం లాయర్ల ఆఫీసులో రోజురోజుకీ పైకి వస్తోంది. పొద్దున్నే ఆమె వెళ్ళిపోతుంది, అతను ఇంట్లో మిగిలిపోతాడు. జిమ్‌కు వెళ్ళి అక్కడ రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయితో అవసరానికి మించి మాట పొడిగిస్తాడు. చూస్తుంటే మనకే ఇబ్బందిగా ఉంటుంది. అతనికి కావలసింది ఆ అమ్మాయి కాదు. తనను మనిషిగా లెక్కలోకి తీసుకునే ఎదుటి మొహం.

మావారు పనిచేసిన కర్మాగారం మూతపడినప్పుడు ఇది మా ఇంట్లోనూ చూశాను. ఖాళీల ప్రకటనలు కత్తిరించి బల్ల మీద పెట్టేవాళ్ళు చాలామంది వచ్చారు. వాటివల్ల ఆయనకు ఒరిగింది తక్కువ. నన్ను బస్సెక్కించడానికి రోజూ పొద్దున్నే స్టాపు దాకా నాతో రమ్మన్నాను. ఆ వంకతో ఆయన గడ్డం గీసుకుని, బూట్లు వేసుకుని వీధిలోకి వచ్చేవారు. దారిలో నలుగురు పలకరించేవారు. ఉద్యోగం తర్వాత దొరికింది. అది దొరికే దాకా ఆయన్ను నిలబెట్టింది ఆ పలకరింపులే. సంపాదించే మనిషికీ ఇంట్లో ఉన్న మనిషికీ మధ్య గౌరవం జీతంతో పాటు తగ్గకూడదు. ఇది మగవాళ్ళకెంత వర్తిస్తుందో, పిల్లల కోసం ఉద్యోగం మానేసిన ఆడవాళ్ళకూ అంతే వర్తిస్తుంది.

4. అనుమానాన్ని ప్రశ్నగా మార్చండి

ఎమ్మా ఆఫీసులో యజమాని జేమీ ఆమెకంటే చిన్నవాడు, మాటకారి. ఇయన్ మనసులో అసూయ రగులుతుంది. దాన్ని నేరుగా బయటపెట్టడు. ఏ దుస్తులు వేసుకున్నావు, ఎన్నింటికి వస్తావు అని చుట్టూ తిరుగుతాడు. ఇలా చుట్టూ తిరిగితే ఎదుటివాళ్ళకు పోలీసు విచారణలా ఉంటుంది. "నువ్వు నాకు దూరమవుతున్నావేమోనని భయంగా ఉంది" అనడం చాలా కష్టం. అయినా అదే నిజమైన మాట. ఆ మాట విన్నవాళ్ళు కూడా ఎగతాళి చేయకూడదు, కోప్పడకూడదు. భయాన్ని చెప్పుకున్న మనిషి మీకు అప్పగించింది చాలా సున్నితమైనది.

5. ఇద్దరి దుఃఖం ఒకటే అయినా, ఇద్దరూ ఒకేలా ఏడవరు

ఈ దంపతులకు జెస్సికా అనే దత్తపుత్రిక ఉంది. అంతకంటే ముందు ఒక పసిబిడ్డను పోగొట్టుకున్నారు. ఆ సంగతి మొదట్లో ఎవరూ చెప్పరు. మెల్లగా తెలుస్తుంది. తెలిశాక వాళ్ళ ప్రతి చిరాకూ, ప్రతి ఓర్పూ మనకు వేరేలా కనిపిస్తాయి. అన్నేళ్ళ తర్వాత కూడా ఆ గాయం ఇంట్లోనే ఉంది.

మాకూ ఒక బిడ్డ కడుపులోనే దక్కకుండా పోయింది. ఊరు కాని ఊరు, పక్కన అమ్మ లేదు, అత్తగారు లేరు. నేను మాట్లాడితే గానీ ఊపిరాడేది కాదు. మావారు తోటలో మట్టి తవ్వుతూ ఒక్క మాటా మాట్లాడేవారు కాదు. ఆయనకు బాధ లేదని ఎవరైనా అనుకోవచ్చు. మా పక్కింటి ఇంగ్లీషావిడ, వయసులో పెద్దావిడ, నాతో అంది: "ఆయన తవ్వుతున్నాడంటే ఏడుస్తున్నాడనే." ఆ సంవత్సరం తోట నిండా పూలు పూశాయి, మేమిద్దరం వాటి గురించి మాట్లాడుకున్నాం. అలా మొదలై తర్వాత బిడ్డ గురించి మాట్లాడుకోగలిగాం. దుఃఖంలో ఉన్న దంపతులకు నేను చెప్పేది ఇంతే: నీలా ఏడవలేదని ఎదుటి మనిషి ప్రేమను తూకం వేయకు.

6. పుట్టింటి బరువును ఇద్దరూ మోయండి

ఎమ్మా తండ్రి జెర్రీ పాత్రలో పెద్ద నటుడు జేమ్స్ బోలమ్ కనిపిస్తాడు. ముసలితనం, మొండితనం, మాటకు ముందు విసుగు. ఎమ్మా ఓపిగ్గా భరిస్తుంది. ఇక్కడున్న తెలుగువాళ్ళకు ఈ బరువు ఫోను ద్వారా వస్తుంది. అర్ధరాత్రి గుంటూరు నుంచో వరంగల్ నుంచో ఫోను మోగితే పక్కన పడుకున్న మనిషి కూడా లేచి కూర్చోవాలి. "మీ నాన్న", "మీ అమ్మ" అనే విభజన ఆ గంటలో పనికిరాదు.

7. ఓర్పు వేరు, భయం వేరు

జెస్సికాకు ఒక స్నేహితుడున్నాడు. ఆమె ఏం చేయాలో, ఎలా ఉండాలో అన్నీ అతనే నిర్ణయించాలని చూస్తాడు. కేకలు వేయడు, చేయి చేసుకోడు, అయినా ఆ అమ్మాయి ముడుచుకుపోతూ ఉంటుంది. తల్లిదండ్రుల బంగాళాదుంప గొడవ పక్కన ఈ ప్రశాంతతను పెట్టి చూపించడంలోనే రచయిత తెలివి ఉంది. గొడవపడే ఇల్లు చెడ్డదని, గొడవలేని ఇల్లు మంచిదని అనుకోకూడదు. ఎమ్మా ఇయన్‌కు ఎదురు చెప్పగలదు. జెస్సికా చెప్పలేకపోతోంది.

ఇంగ్లండు, వేల్స్‌లో ఇలా మనిషిని అదుపులో పెట్టి లొంగదీసుకోవడం 2015 చట్టంతో నేరమైంది. దెబ్బలు కనిపించకపోయినా నేరమే. దీన్ని మన అమ్మాయిలందరికీ చెబుతాను. సర్దుకుపొమ్మని చెప్పే పెద్దవాళ్ళు ముందు ఒక ప్రశ్న అడగాలి: "నీకు అతనంటే భయమా?" అవునంటే సర్దుకోమనే మాట అక్కడితో ఆపేయాలి.

8. తలుపు తెరిచి ఉన్న ఇంట్లో ఉండటమే దాంపత్యం

అదే 2022లో నికోలా వాకర్ మరో బీబీసీ సీరియల్ 'ది స్ప్లిట్' చివరి సీజన్‌లో కూడా కనిపించింది. అబీ మోర్గన్ రాసిన ఆ కథలో ఆమె విడాకుల లాయరు, తన కాపురమే విడిపోతోంది. ఒకే నటి ఒకే ఏడాది విడిపోయే భార్యగా, కలిసి ఉండే భార్యగా నటించింది. రెండు కథల్లోనూ గౌరవం ఉంది.

ఆ ఏడాదే ఏప్రిల్ 6 నుంచి ఇంగ్లండు, వేల్స్‌లో తప్పు ఎవరిదో నిరూపించక్కర్లేకుండా విడాకులు ఇచ్చే చట్టం అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వెంటనే విడాకులు కావాలంటే ఎదుటివాళ్ళ వ్యభిచారమో, దుష్ప్రవర్తనో చూపించాలి. లేదంటే ఏళ్ళ తరబడి విడిగా ఉండాలి. 2018లో ఒక వృద్ధ మహిళ విడాకుల అభ్యర్థనను ఇక్కడి సుప్రీంకోర్టు కూడా తోసిపుచ్చింది, ఆమెకు భర్తతో ఉండటం ఇష్టం లేకపోయినా సరే. కొత్త చట్టం వస్తే కాపురాలన్నీ కూలిపోతాయని భయపడినవాళ్ళను నేనెరుగుదును. నేను మరోలా అనుకుంటాను. వెళ్ళడానికి వీలుండి కూడా ఉండిపోయినవాళ్ళే నిజంగా కలిసి ఉన్నవాళ్ళు. గత్యంతరం లేక గడిపిన ఏళ్ళను లెక్కపెట్టి సన్మానం చేయనక్కర్లేదు.

9. మాట్లాడుకోవడానికి ఒక చోటు పెట్టుకోండి

2019లో వచ్చిన 'స్టేట్ ఆఫ్ ది యూనియన్' సీరియల్‌లో భాగాలు పదేసి నిమిషాలే. నిక్ హార్న్‌బీ రాశాడు, స్టీఫెన్ ఫ్రియర్స్ తీశాడు. రోజమండ్ పైక్, క్రిస్ ఓడౌడ్ భార్యాభర్తలు. ప్రతివారం కౌన్సెలింగ్‌కు ముందు ఎదురుగా ఉన్న పబ్‌లో కలుస్తారు. లోపల కౌన్సెలింగ్‌లో ఏం జరిగిందో మనకు చూపించరు. పబ్‌లో మాటలే కథంతా. ఇంట్లో నోరు పెగలనివాళ్ళు బల్లకు అటూ ఇటూ కూర్చుంటే మాట్లాడగలిగారు. మీకు పబ్ అక్కర్లేదు. పార్కు బెంచీ అయినా, గుడి మెట్లయినా, కారైనా చాలు. వారానికోసారి ఆ చోటికి వెళ్ళండి. అది చాలనప్పుడు కౌన్సెలరు దగ్గరికి వెళ్ళండి. జ్వరానికి డాక్టరు దగ్గరికి వెళ్ళడం మన పరువు తీయనప్పుడు ఇదెందుకు తీస్తుంది?

10. ఎదుటి మనిషి పూర్తిగా తెలిసిపోయిందని ఎన్నడూ అనుకోకండి

గొలషెవ్‌స్కీ అంతకుముందు రాసిన సీరియల్ 'హిమ్ అండ్ హర్' ఒక చిన్న ఇంట్లో ఉండే కుర్ర జంట కథ. 'మమ్' భర్త పోయిన స్త్రీ మళ్ళీ ప్రేమను అంగీకరించే కథ. శాలీ వెయిన్‌రైట్ రాసిన 'లాస్ట్ టాంగో ఇన్ హాలిఫాక్స్'లో డెబ్బైలు దాటిన ఇద్దరు యౌవనంలో చేజారిన ప్రేమను తిరిగి అందుకుంటారు. ఇవన్నీ చూశాక నాకు స్థిరపడిన సంగతి ఒకటే. మనిషి ఏ వయసులోనూ అయిపోడు. మీ పక్కనున్న మనిషి నిన్నటికీ ఇవాళ్టికీ కొంత మారి ఉంటారు. వాళ్ళకేం కావాలో నాకు తెలుసు అనుకుని అడగడం మానేసిన రోజున దూరం మొదలవుతుంది.

ఇన్నేళ్ళు ఎలా కలిసి ఉన్నారని అడిగే పిల్లలకు నేను చెప్పగలిగింది ఇదే. పెద్ద త్యాగాల కోసం ఎదురుచూడకండి, అవి జీవితంలో ఎప్పుడో గానీ అవసరం పడవు. తిన్నావా, చలేస్తోందా, ఎందుకలా ఉన్నావు అని అడిగే అవసరం మాత్రం రోజూ వస్తుంది. అడగండి. అడిగాక జవాబు పూర్తయ్యే దాకా అక్కడే కూర్చోండి.