దెబ్బలు తిన్న సోదరి ఎవరికి చెప్పుకోవాలి?

“ఇంటి గుట్టు బయటపెట్టకు, సబ్ర్ చెయ్యి” అని దెబ్బలు తిన్న కూతురిని అత్తింటికి తిప్పి పంపేవారున్నారు. ప్రవక్త (స) కాలంలో ఏం జరిగిందో చూడండి. సాబిత్ బిన్ ఖైస్ (రజి) తన భార్య హబీబా బిన్తె సహల్ (రజి)ను ఎముక విరిగేలా కొట్టారు. ఆమె తెల్లవారగానే దైవప్రవక్త (స) వద్దకు వెళ్ళి మొరపెట్టుకున్నారు. ఆయన (స) సాబిత్‌ను పిలిపించి, మహర్‌గా ఇచ్చిన తోటలు తీసుకుని ఆమెను విడిచిపెట్టమన్నారు (అబూ దావూద్). ఓర్చుకోమని ఆమెను తిప్పి పంపలేదు.

సోదరీ! మీరూ నమ్మకమైన వారికి చెప్పండి. ప్రాణభయం ఉంటే 112కు, సలహా కావాలంటే మహిళా హెల్ప్‌లైన్ 181కు ఫోన్ చేయండి. 2005 నాటి గృహహింస చట్టం ముస్లిం స్త్రీలకూ వర్తిస్తుంది. రక్షణాధికారి ద్వారా మేజిస్ట్రేటును ఆశ్రయిస్తే, విడాకులు తీసుకోకుండానే రక్షణ, నివాసం, ఖర్చులు కోరవచ్చు. గాయాలు మానకముందే డాక్టరుకు చూపించి, ఆ కాగితాలు పుట్టింట్లో దాచుకోండి.