అమ్మణ్ణీ అని పిలిచినప్పుడు

తిరుత్తణి

అమ్మణ్ణీ,

రాత్రి ఫోన్లో ఏడ్చినావు. నేను ఫోన్ చేస్తే కట్ చేసి, మెట్ల కిందికి పోయి గుసగుసగా మాట్లాడతానని, ఇంట్లో తమిళమే మాట్లాడతామని తిరువళ్లూరు హాస్టల్లో చెప్పుకున్నానని ఒప్పుకున్నావు. నాకు కోపం రాలేదు తల్లీ. అరవై ఏళ్ల ముందు, అదే తిరువళ్లూరులో, నేను చేసిన పని ఇంకా పెద్దది. మీ అమ్మకు కూడా తెలీదది.

1960 ఏప్రిల్ 1న మన తిరుత్తణి తాలూకాను చిత్తూరు జిల్లా నుంచి తీసి మద్రాసు రాష్ట్రంలో కలిపినారు. నాకు ఏడేళ్లు. పొదటూరుపేటలో నాయన మగ్గం ఉన్నచోటే ఉంది, మా మాట మాత్రం పక్క రాష్ట్రపు మాట అయిపోయింది. 1964లో హైస్కూలు చదువుకని తిరువళ్లూరులో అత్త ఇంట్లో ఉంచినారు. తమిళంలో అరటిపండు అనాలంటే నాలుకను బాగా వెనక్కి మడవాలి. నాకు మన 'ళ'నే వచ్చేది. క్లాసంతా నవ్వేది. 'గొల్టి' అనేవాళ్లు.

వీరరాఘవస్వామి కోనేట్లో బెల్లం కరిగినట్టు రోగం కరగాలని జనం బెల్లం వేస్తారు కదా. ఒక అమావాస్యనాడు పిడికిట్లో బెల్లంముక్క పెట్టుకుని, నా నోట్లో తెలుగు కరిగిపోవాలని మొక్కుకుని చెయ్యి నీళ్లలో ముంచినాను. వేళ్ల సందుల్లోంచి గోధుమరంగు నీళ్లు పోవడం ఇప్పటికీ కళ్ల ముందుంది. పదకొండేళ్ల పిల్ల తన నాలుకనే రోగం అనుకునింది.

అప్పుడు రాష్ట్రపతి రాధాకృష్ణన్. మన తిరుత్తణిలో, తెలుగు ఇంట్లో పుట్టినాయన. ఆ సంగతి తెలిసీ నా సిగ్గు గోరంత తగ్గలేదు. అందుకే నీకు గొప్పవాళ్ల పేర్లు చెప్పను.

ఒకరోజు అమ్మ స్కూలు గేటు దగ్గరికొచ్చి "అమ్మణ్ణీ" అని గట్టిగా పిలిచింది. చేతిలో వేరుశనగ ఉండల పొట్లం. పక్కనున్న పిల్ల ఎవరని అడిగింది. "మా ఊరావిడ, గుడ్డలమ్ముకోను వచ్చింది" అన్నాను, తమిళంలో. అమ్మకు తమిళం బాగా తెలుసు. పొట్లం వాచ్‌మన్ చేతిలో పెట్టి వెళ్లిపోయింది. ఇంటికి పోయినా ఒక్కమాట అనలేదు.

అమ్మ చివరి రోజుల్లో మంచం పక్కన కూర్చుని అడిగినాను, ఆ రోజు గేటు దగ్గర ఎందుకు నిలబడలేదమ్మా అని. "ఎండ గదా, అందుకే బిరబిరా వచ్చేసినా" అనింది.

తర్వాత చాలా ఏళ్లు ఆ పదకొండేళ్ల పిల్లను అసహ్యించుకున్నాను. తల్లిని కాదన్న పిల్ల అని. ఆ పిల్ల భయపడిందంతే అని ఒప్పుకునేటప్పటికి నాకు జుట్టు నెరిసింది. నువ్వు అంతకాలం ఆగొద్దు. మెట్ల కింద గుసగుసలాడే పిల్లను తిట్టొద్దు, తిడితే ఇంకా చీకట్లోకి పోతుంది. ఎవరు నవ్వినప్పటి నుంచి దాక్కుంటున్నావే అని అడుగు. చెప్పిందంతా విను.

తెలుగు ఎక్కడికీ పోలేదు తెలుసా. ముప్పై ఏళ్లు తమిళంలో లెక్కలు చెప్పినాను. బోర్డు మీద తమిళం, పెదాల లోపల మాత్రం ఏడెనిమిదులు యాభయ్యారు. తమిళమూ నాదే, దాన్నీ వదులుకోను. నగరిలో మన చుట్టాలు 'అరవ తెలుగు' అని నవ్వుతుంటే అక్కడ తమిళ ముక్కల్ని దాచినాను. ఆ ఊరికొకటి, ఈ ఊరికొకటి దాచి దాచి నోరు తెరవడానికే జంకేదాన్ని.

అందరికీ ఒక్కసారిగా చెప్పాల్సిన పని లేదు. నీకు దగ్గరైన ఒక స్నేహితురాలికి చెప్పు చాలు. ఈసారి నేను ఫోన్ చేస్తే గదిలోనే ఎత్తు. మాట తడబడినా పర్వాలేదు, నేను ఆగుతాను.

ఆడికృత్తిక పండగకు ఆ స్నేహితురాలిని తీసుకురా. మన కొండగుడి 365 మెట్లు నేను ఎక్కలేను. మీరిద్దరూ ఎక్కి రండి, కింద కూర్చుని ఉంటా. ఆ పిల్లతో తమిళంలో మాట్లాడతాలే. నిన్ను మాత్రం ఆ జనంలో అమ్మణ్ణీ అనే పిలుస్తా. వేరుశనగ ఉండలు చేసి తెస్తా.

మీ అవ్వ