గట్టు మీది టేకు అమ్మాలంటే

ఇరవై ఏళ్లు పెంచిన టేకును చాలామంది రైతులు ఒక్క పూటలో అమ్మేస్తారు. వ్యాపారి వచ్చి, గట్ల వెంట ఒకసారి తిరిగి, "మొత్తం గుత్తకి ఇంత" అంటాడు. కొలత తెలియని రైతు ఒప్పుకుంటాడు. అందుకే బేరం కన్నా ముందు టేపు పట్టండి.

ప్రతి చెట్టుకూ పెయింటుతో నంబరు వేయండి. నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో చుట్టుకొలత, కొమ్మలు మొదలయ్యేదాకా మాను పొడవు పుస్తకంలో రాసుకోండి. టేకులో ధర పలికేది చేవకు. లేత చెట్టులో తెల్లచెక్కే ఎక్కువ. డబ్బు అవసరం మరీ తరుముకొస్తే తప్ప చెట్లన్నీ ఒకేసారి కొట్టించకండి. వంకరవి, నీడన ఎదగనివి ముందు అమ్మితే మిగిలినవి లావెక్కుతాయి.

ఇక కాగితాలు. సొంత పొలంలో చెట్టయినా నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా, 2002) ప్రకారం నరకడానికి ముందే అనుమతి తీసుకోవాలి. టేకును తరలించడానికి అటవీశాఖ పర్మిట్ వేరే. పాసుపుస్తకం, అడంగల్ లేదా పహాణీ, సర్వే నంబరు పటం, చెట్ల జాబితా జతచేసి దరఖాస్తు పెట్టండి. పొలం రిజర్వు అడవిని ఆనుకుని ఉంటే ముందు హద్దులు తేల్చుకోవాలి. అసైన్డ్ భూమైతే తహసీల్దారు కార్యాలయంలో అడగకుండా అడుగు వేయొద్దు. "పర్మిట్ సంగతి నేను చూసుకుంటా" అని వ్యాపారి అన్నా సరే, ప్రతి కాగితం నకలూ మీ దగ్గర ఉంచుకోండి. మీ పేరున ఉన్న పర్మిట్ మీద వేరే చోటి దుంగలు కదిలితే జవాబు చెప్పాల్సింది మీరే.

అసలు నష్టం జరిగేది కొలతలో. వ్యాపారంలో నడిచే లెక్క ఇది: చుట్టుకొలతను అంగుళాల్లో తీసుకుని నాలుగో వంతు చేసి, దాన్ని దాంతోనే గుణించి, అడుగుల్లో పొడవుతో గుణించి, 144తో భాగించాలి. నడిమి చుట్టు 36 అంగుళాలు, పొడవు 8 అడుగులున్న దుంగ 4.5 ఘనపుటడుగులు వస్తుంది. నిజానికి అందులో ఉన్న కలప దాదాపు 5.7. ఈ పద్ధతే కొనేవాడికి అనుకూలం. దానికి తోడు, చుట్టు 32 అంగుళాలున్న సన్నటి కొసన టేపు చుడితే లెక్క 3.6కి పడిపోతుంది. కొలత ప్రతి దుంగకూ నడిమధ్యనే తీయాలని, బెరడుతోనా, బెరడు తీసేశాకా అన్నది కూడా ముందే కాగితం మీద రాయించండి.

కనీసం ముగ్గురు వ్యాపారులతో మాట్లాడండి. దగ్గరి అడితికి, సామిల్లుకి వెళ్లి ఏ లావు దుంగకు ఏ ధరో అడగండి. కోతకూలి, లోడింగు ఎవరివో తేల్చుకోండి. మొత్తం డబ్బు చేతికందాకే లారీ కదలాలి.

కోతకు వానలు లేని నెలలు మేలు. పక్కన కరెంటు తీగలుంటే లైన్‌మన్‌కి ముందే చెప్పాలి. మొదలును నేలకు దగ్గరగా, నీళ్లు నిలవకుండా ఏటవాలుగా కోయించండి. టేకు మళ్లీ పిలకలు వేస్తుంది, వాటిలో బలమైనదొకటి ఉంచి మిగతావి తీసేయాలి.