మిణుగురు దీపముతో మూలకణముల జాడ

గుండెకు రక్తము నందించు నాళము మూసికొనిపోయినచో ఆ భాగమందలి కండరకణములు కొన్ని గంటలలోనే మరణించును. చర్మము వలె, కాలేయము వలె గుండె తన్ను తాను తిరిగి నిర్మించుకొనజాలదు. చచ్చిన కండరమునకు బదులు మచ్చ మాత్రము మిగులును. ఇట్టిచోట మూలకణములను నాటినచో క్రొత్త కండరము మొలకెత్తునా యని శాస్త్రజ్ఞులు చాలకాలముగా ప్రయత్నించుచున్నారు. మూలకణమనగా విభజన చెందుచు తనవంటి కణములను పుట్టించుటయే కాక, వేఱువేఱు పనులుగల కణములుగా మారగల శక్తి కలిగినది.

నాటుట యంత కష్టము కాదు. సూదితో లక్షలకొలది కణములను గుండెగోడలోనికి ఎక్కింపవచ్చును. తరువాత అవి యేమైనవి? అచ్చటనే నిలిచినవా, రక్తముతో కొట్టుకొనిపోయి ఊపిరితిత్తులలో చిక్కుకొన్నవా, చచ్చినవా? రైతు విత్తిన గింజ మొలచినదో లేదో చేనిలో చూచి తెలిసికొనును. ఇచ్చట నేలను త్రవ్వి చూచుటయే పూర్వపద్ధతి. అనగా జంతువును చంపి, అవయవమును పలుచని పొరలుగా కోసి, సూక్ష్మదర్శినితో పరిశీలించుట. మొదటివారమున చంపిన ఎలుక మూడవవారమున ఏమి చూపియుండెడిదో ఎవ్వరును చెప్పలేరు.

ఈ చిక్కు తీర్చుటకై కణములలో ఐరన్ ఆక్సైడు రేణువులను నింపి, ఎం.ఆర్.ఐ. యంత్రముతో చూచు పద్ధతి యొకటి గలదు. చిత్రము స్పష్టముగానే వచ్చును. కాని కణము చచ్చినను ఇనుము చావదు. శరీరములోని భక్షకకణములు దానిని మ్రింగి అచ్చటనే కూర్చుండును. చిత్రమున మాత్రము నాటిన కణములే సుఖముగా నున్నట్లు కన్పట్టును. బ్రతికినదానికిని చచ్చినదానికిని భేదము చెప్పలేని గుర్తును నమ్ముటకంటె గుర్తు లేకుండుటయే మేలని మా అభిప్రాయము.

గుర్తును పైనుండి అద్దక, కణముయొక్క జన్యుసంపుటిలోనే వ్రాసినచో? అట్లు వ్రాయబడు జన్యువును ఆంగ్లమున ‘రిపోర్టర్ జీన్’ అందురు. రిపోర్టరనగా విలేఖరి, మేము దీనిని వార్తాహర జన్యువని పిలుచుచున్నాము. హానికర భాగములను తొలగించిన వైరసు ద్వారా దీనిని కణములోనికి చొప్పింతురు. కణము రెండుగా చీలినపుడు పిల్లకణములకును ఇది సంక్రమించును. కణము చచ్చినచో వార్తయు ఆగిపోవును.

ఇందు మిక్కిలి ప్రసిద్ధమైన వార్తాహరుడు మన మెఱిగిన మిణుగురు పురుగునుండి వచ్చినవాడే. (పట్టణములందు పెరుగు బాలురలో దానిని చూడనివారు నేడు పెక్కురుందురేమో!) ఉత్తర అమెరికాకు చెందిన ఫోటినస్ పైరాలిస్ అను మిణుగురుజాతి నుండి లూసిఫెరేజ్ జన్యువును 1985లో వేఱుచేసిరి. లూసిఫెరేజ్ ఒక ఎంజైము. లూసిఫెరిన్ అను పదార్థము, ఆక్సిజన్, మెగ్నీషియము, ఏ.టి.పి. అను శక్తిపదార్థము కలిసినపుడు అది వెలుగు పుట్టించును. ఏ.టి.పి. బ్రతికియున్న కణమునందే తయారగును గనుక, చచ్చిన కణమున ఎంజైము కొంత మిగిలినను దీపము వెలుగదు. ఎలుకకు మత్తునిచ్చి, లూసిఫెరిన్‌ను కడుపులోనికి సూదితో ఎక్కించి, కొన్ని నిమిషముల పిదప చీకటిపెట్టెలో నుంచి, మిక్కిలి చల్లబరచిన కెమెరాతో ఆ కాంతిని లెక్కింతురు. ఎలుకదేహమున సహజముగా ఇట్టి వెలుగు లేదు. అమావాస్యనాడు చుక్కలవలె నాటిన కణములే అగపడును. అదే ఎలుకను మఱునాడును, మఱు వారమును చూడవచ్చును.

అయితే రక్తమందలి హిమోగ్లోబిన్ ఈ కాంతిని పీల్చివేయును. ఎలుకకు చాలిన దీపము మనుష్యుని గుండెనుండి బయటపడజాలదు. అందులకు హెర్పీస్ వైరసునుండి తీసిన థైమిడిన్ కైనేజ్ జన్యువును వాడుదురు. 110 నిమిషముల అర్ధాయువు గల ఫ్లోరిన్-18తో గుర్తుపెట్టిన మందు నెక్కించినచో, ఈ జన్యువుగల కణములందే అది చిక్కువడును. దాని కిరణములు దేహమును దాటి వచ్చి పెట్ యంత్రమునకు చేరును.

2003లో జోసెఫ్ వూ, సంజీవ్ గంభీర్ మున్నగువారు ఈ రెండు పద్ధతులతోను ఎలుకల గుండెలలో నాటిన కణములను చూచిరి. అవి నిజమైన మూలకణములు గావు, పిండదశ గుండెనుండి వచ్చిన కణజాతి. మొదటి నాలుగు దినములలోనే వెలుగు మిక్కిలి తగ్గినది. కణములు నిలుచుట లేదని అట్లు కంటికి కట్టినది.

2006లో పిండ మూలకణములతో చేసిన ప్రయోగము దీనికి వ్యతిరేకముగా నడచినది. వారము వారమునకు వెలుగు పెరిగినది. అది శుభవార్త కాదు; కణములు అదుపుతప్పి టెరటోమా అను కంతిగా మారినవి. ఇచ్చట ఒక వింత గలదు. థైమిడిన్ కైనేజ్ గల కణములు గాన్‌సిక్లోవిర్ అను మందును తమలోనే విషముగా మార్చుకొని చచ్చును. జాడ చెప్పిన జన్యువే కంతిని అణచుటకును పనికివచ్చినది.

వార్తాహరుడును ఒక్కొక్కప్పుడు మూగబోవును. కణము తనలోని క్రొత్త జన్యువును రసాయనికముగా కప్పివేసి పనిచేయనీయకుండుట కలదు. అప్పుడు కణము బ్రతికియే యుండును, వెలుగు మాత్రము రాదు. కాబట్టి శాస్త్రజ్ఞులు చివరకు కొన్ని జంతువుల కణజాలమును కోసి సరిచూచుకొనుట మానలేదు.

మనుష్యులయందును ఈ పద్ధతి తలుపు తట్టినది. మెదడులో కంతిగల ఒక రోగికి ఎక్కించిన టి-కణములను థైమిడిన్ కైనేజ్ జన్యువు సాయముతో పెట్ చిత్రమున చూచినట్లు 2009లో ప్రకటించిరి. అవి మూలకణములు గావు, రోగముతో పోరు రక్షకకణములు; కాని కంతియున్న చోటనే అవి కనబడినవి.