శాఖా కణములు – చర్మము నుండి లింఫు గ్రంథి వరకు

కాలికి ముల్లు గ్రుచ్చుకొని చీము పట్టినప్పుడు గజ్జలో బిళ్ళ కట్టుట మనమందరము ఎరిగినదే. గాయము పాదమున నుండగా వాపు గజ్జలో ఏల? ఆ బిళ్ళయే లింఫు గ్రంథి. చర్మముపై జరిగిన దాడిని గూర్చి ఆ గ్రంథికి వార్త చేర్చువానిలో ముఖ్యమైనవి డెండ్రైటిక్ కణములు. గ్రీకు భాషలో 'డెండ్రాన్' అనగా వృక్షము. కొమ్మల వంటి పోగులుండుటచే వీనిని శాఖా కణములనవచ్చును.

వీనిని చర్మమున మొదట వర్ణించినవాడు ఒక విద్యార్థి. 1868లో బెర్లిన్‌లో వైద్యవిద్య నభ్యసించుచున్న పాల్ లాంగర్‌హాన్స్, గోల్డ్ క్లోరైడుతో చర్మమునకు రంగు పట్టించి వీనిని చూచెను. కొమ్మలను బట్టి నాడీ కణములని తలచెను. చూచినది నిజము, ఊహ పొరపాటు. 1973లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయమున రాల్ఫ్ స్టైన్‌మన్, జాన్విల్ కోన్‌లు చిట్టెలుక ప్లీహమునందు ఇట్టి కణములను గుర్తించి, డెండ్రైటిక్ అని పేరిడిరి.

వీనిలో ముఖ్యమైన రకములివి:

1. లాంగర్‌హాన్స్ కణములు: బాహ్యచర్మమున నుండును. పిండదశలోనే అచ్చటికి చేరి, అచ్చటనే వృద్ధి పొందును. వీనిలో టెన్నిస్ రాకెట్టును పోలిన బిర్బెక్ రేణువులుండును.

2. అంతశ్చర్మ శాఖా కణములు: ఎముక మజ్జలోని మూలకణముల నుండి పుట్టును. పై రెండు రకములును సూక్ష్మజీవుల భాగములను గ్రహించి, లింఫు నాళముల ద్వారా గ్రంథికి పోయి, టీ-కణములకు చూపును. వార్త నందుకొన్న టీ-కణములు విభజన చెంది వేలాదిగా పెరుగును. గజ్జలో బిళ్ళ కట్టుటకు ఇదియొక ముఖ్య కారణము.

3. గ్రంథి నివాస కణములు: ఇవి చర్మమును ఎరుగవు, రక్తము ద్వారా గ్రంథికి చేరును. వీనిలో ఒక తెగ ఘాతక టీ-కణములను, వేరొక తెగ సహాయక టీ-కణములను మేల్కొల్పుటలో నేర్పు గలవి.

4. ప్లాస్మసైటాయిడ్ కణములు: గుండ్రనివి. వైరస్ సోకినప్పుడు ఇంటర్‌ఫెరాన్‌ను విస్తారముగా స్రవించును.

విద్యార్థులు పొరబడు చోటు ఒకటి కలదు. గ్రంథిలోని ఫాలికిల్స్‌లో 'ఫాలిక్యులర్ డెండ్రైటిక్' కణములున్నవి. కొమ్మలున్నవి, పేరున్నది; వంశము మాత్రము వేరు. ఇవి మజ్జ సంతతి కావు. ప్రతిజనకములను మ్రింగక, తమ ఉపరితలముపైననే నిలిపి బీ-కణములకు చూపును.

స్టైన్‌మన్‌కు 2011లో నోబెల్ బహుమతి ప్రకటించిరి. అప్పటికి మూడు దినముల క్రిందటనే ఆయన కన్నుమూసెను. అయినను బహుమతి ఆయనకే నిలిచినది.

ఆకారము చూచి వంశమును నిర్ణయింపరాదని లాంగర్‌హాన్స్ పొరపాటు మనకు బోధించుచున్నది. అయినను, చూచిన దానిని చూచినట్లు వ్రాసిపెట్టిన ఆ విద్యార్థి శ్రమ నూరేండ్లకు పైబడి ఫలించినది. సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నప్పుడు ఈ రెండును మనము మరువరాదు.