తల్లిలేని కోడిపిల్లలు

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల పల్లెలలో తెల్లవారగనే కానవచ్చు దృశ్యమొకటి కలదు. పొదుగు దిగిన కోడి తన పిల్లలను వెంటబెట్టుకొని పెరటిలోనికి నడచును. కాలితో మన్ను గీరి, గింజ కనబడగానే పిల్లలను పిలుచును. అవి కొంతసేపు మేసి చలికి వణకగనే తల్లి కూర్చుండి రెక్కలు విప్పును. పిల్లలన్నియు ఆ రెక్కలక్రింద దూరి, వెచ్చబడి, మరల బయటికి వచ్చును. ఆకాశమున గద్ద కనబడినచో తల్లి కూత మారును; పిల్లలు క్షణములో దాగుకొనును.

మొదటి వారమున పిల్లలు రెక్కలక్రిందనే యెక్కువకాలము గడపును. నాలుగైదు వారములకు ఈకలు వచ్చును గనుక పగటిపూట రెక్కల యవసరము తగ్గును. ఆరు మొదలు ఎనిమిది వారములనాటికి తల్లియే వానిని పొడిచి దూరముగ తరుమును. చూచువారికిది నిర్దయగా తోచవచ్చును. కాని యది వెచ్చదనమును ఒక్కనాడు తీసివేయలేదు; దినదినమును కొంచెము కొంచెముగ తగ్గించుచు వచ్చినది. కోడిపిల్లల పెంపకములోని రహస్యమంతయు నిందే యున్నది.

నేడు పల్లెలకు వచ్చుచున్న పిల్లలలో అనేకమునకు తల్లి లేదు. హైదరాబాదులోని రాజేంద్రనగరున 1988లో నెలకొల్పబడిన కోళ్ళ పరిశోధన సంస్థవారు వనరాజ, గ్రామప్రియ యను రకములను రూపొందించిరి. ఇవి పెరటిలో తిరిగి బ్రతుకగలవు. నాటుకోళ్ళకంటె ఎక్కువ గ్రుడ్లు పెట్టును. వీని గ్రుడ్లను యంత్రములలో 21 దినములు పొదిగించి, ఒకదినపు పిల్లలను అమ్ముదురు. తల్లి లేకుండ పొదిగించుట క్రొత్త విద్య కాదు. ప్రాచీన ఈజిప్టు ప్రజలు మట్టి కొలుముల వేడితోనే గ్రుడ్లను పొదిగించిరి. పుట్టుటకు ముందు పిల్ల మిగిలిన పచ్చసొనను కడుపులోనికి తీసికొనును. ఆ బలముతో రెండు దినములు మేత లేకున్నను బ్రతుకగలదు. కనుకనే ఒకదినపు పిల్లలు అట్టపెట్టెలలో దూరప్రయాణము చేయగలుగుచున్నవి.

ఇట్లు వచ్చిన పిల్లలకు రెక్కలకు బదులు వెచ్చదనమిచ్చు నేర్పాటునే బ్రూడరు అందురు. గదిలో నేలపై రెండంగుళముల మందమున వరిఊక పరచి, చుట్టును అడుగున్నర ఎత్తుగల అట్టను గాని రేకును గాని గుండ్రముగ నిలుపుదురు. మూలలున్నచో పిల్లలు అందు గుమిగూడి నలిగిపోవును గనుక గుండ్రముగ నుండవలెను. మధ్య దీపము వ్రేలాడదీయుదురు. పిల్లకు 2 వాట్ల చొప్పున లెక్క. ఇప్పుడు ఇండ్లలో వాడు ఎల్.ఇ.డి. దీపములు వెలుతురు నిచ్చును గాని చాలినంత వేడి నీయవు. వెనుకటి తీగదీపమే దీనికి తగినది. విద్యుత్తు పోయినపుడు నిప్పుల కుంపటి నుంచువారు గాలి వచ్చిపోవు మార్గము విడువవలెను. లేనిచో బొగ్గునుండి వెలువడు విషవాయువు పిల్లలకును, మనుష్యులకును ప్రాణాపాయము కలిగించును.

మొదటి వారమున దీపముక్రింద వేడి 35 డిగ్రీల సెంటీగ్రేడు ఉండవలెను. తరువాత వారమునకు 3 డిగ్రీల చొప్పున తగ్గించుచు పోవలెను. ఉష్ణమాపకము లేనివారికి పిల్లలే ఉష్ణమాపకము. అవి దీపముక్రింద ఒకదానిపై నొకటి గుమిగూడి అరచుచున్నచో చలి యని తెలియవలెను. నోరు తెరచి, రెక్కలు జారవిడిచి, దీపమునకు దూరముగ పోయినచో వేడి యెక్కువ. అన్నియు నొకే ప్రక్కకు చేరినచో రెండవప్రక్కనుండి చలిగాలి వీచుచున్నది. నలుదిక్కుల సమముగ వ్యాపించి తినుచు, త్రాగుచు, నిద్రించుచున్నచో అంతయు సరిగా నున్నది.

అయిదారు వారములు గడచునప్పటికి నూగు రాలి ఈకలు నిండును. అప్పుడు వానిని పెరటి గూటికి మార్చవలెను. అపాయమంతయు నీ సంధికాలముననే కలదు. ఒక యిల్లాలు కూడబెట్టిన సొమ్ముతో 20 పిల్లలను కొని, అయిదు వారములు కంటికి రెప్పవలె సాకినదనుకొనుడు. నిన్నటివరకు రాత్రియంతయు దీపము వెలిగినది. ఈ సాయంకాలము ఆమె వానిని చీకటిగూటిలో విడిచి తలుపు మూసినది. చలియు, చీకటియు, క్రొత్తచోటును ఒక్కసారి వచ్చుటచే పిల్లలు బెదరి ఒక మూలకు చేరును. పైవి క్రిందివానిని త్రొక్కును. తెల్లవారి తలుపు తీయునప్పటికి అడుగున నున్నవి ఊపిరాడక చచ్చియుండును. రోగము లేదు, పాము లేదు, పిల్లి లేదు. తొందరయే వానిని చంపినది. గ్రుడ్లమ్మి బిడ్డల పుస్తకములు కొనవలెనను ఆమె ఆశయు ఆ మూలనే నలిగిపోయినది.

దీనికి మందు తల్లికోడి నేర్పిన క్రమమే. నాలుగవ వారమునుండి పగలు దీపము నార్పి రాత్రి మాత్రము వెలిగింపవలెను. ఎండ కాయు వేళలలో వల కప్పిన దడిలో పిల్లలను ఒక గంట విడిచి, దినదినమును ఆ కాలమును పెంచవలెను. మార్పునకు ముందు కొన్ని రాత్రులు దీపము లేకుండ గదిలోనే యుంచి చూడవలెను. అవి గుమిగూడక నిద్రించినచో సిద్ధమైనవని అర్థము.

వానలేని దినమున, సాయంకాలము గాక ఉదయముననే మార్పుట మంచిది. చీకటి పడకముందే నీరును, మేతయు ఎచటనున్నవో అవి తెలిసికొనును. పాత నీటిపాత్రలను, మేతతొట్లను, కొంత పాత ఊకను గూటిలో నుంచినచో క్రొత్తదనము తగ్గును. మేతను గూడ ఒక్కనాడు మార్పక, వారము దినములు పాతదానితో క్రొత్తది కలిపి పెట్టవలెను. మూలలను గడ్డితో గాని పలకలతో గాని గుండ్రము చేయవలెను. మొదటి రెండు మూడు రాత్రులు దీపము పట్టుకొని పోయి చూచి, గుమిగూడిన పిల్లలను విడదీయవలెను. నాలుగైదు దినములు గూటిలోనే యుంచిన పిమ్మట పెరటిలోనికి విడిచినచో, ప్రొద్దుగ్రుంకగనే తమంతట తామే గూటికి చేరును.

గూడు నేలనుండి అడుగున్నర ఎత్తున నుండుట మేలు. ముంగిసయు, పామును చొరకుండ అరంగుళపు కన్నుల జల్లెడ బిగింపవలెను. పెద్దకోళ్ళతో వెంటనే కలుపరాదు. అవి పొడుచుటయే గాక రోగముల నంటించును. కొక్కెర తెగులు వచ్చినచో ఒక్క వారములో పెరడు ఖాళీ కావచ్చును. దానికి మందు లేదు, టీకాయే రక్ష. మొదటి వారమున లసోటా టీకాను, రెండవ వారమున గంబోరో టీకాను, నాలుగవ వారమున మరల లసోటాను పశువైద్యుని సలహాపై వేయించి, తరువాతనే బయటికి పంపవలెను.

పిల్లలను కొనునాడే ఆరు వారముల ముందుచూపు కావలెను. నవంబరులో కొన్నవి డిసెంబరు చివర, చలి ముదిరిన రాత్రులలో, గూటికి పోవలసివచ్చును. వానికి దీపము మరికొన్నాళ్ళుంచవలెను. జూన్‌లో కొన్నవి జూలై చివర తడినేలపై అడుగిడును. తడిసిన ఊకలో రక్తపారుడు రోగము ప్రబలును గనుక గూటిలో పొడి ఊక తప్పదు. మార్చి చివర కొన్నవానికి మే నెల యెండ యెదురగును. నీడయు, చల్లని నీరును వాని ప్రాణములు నిలుపును. జనవరి చివర కొన్న పిల్లలు మార్చి నడుమ బయటికి వచ్చును. అప్పటికి చలి తగ్గియుండును, ఎండ ముదిరియుండదు, వాన యుండదు.

రెక్క విప్పుటయే తల్లిప్రేమ యని తలతురు. ఆ రెక్కను ఎప్పుడు, ఎంతెంతగా ముడువవలెనో తెలియుటయు ప్రేమయే. తల్లిలేని పిల్లలను చేతబట్టినవారు తల్లికోడినుండి నేర్వవలసిన పాఠమిదియే.